కందిరీగలలో కులభేదము

కొందరు ఏలుటకును, కొందరు ఊడిగము చేయుటకును పుట్టుకచేతనే ఏర్పడిరని చెప్పువారు తమ మాటకు సాక్ష్యముగా చీమలను, తేనెటీగలను, కందిరీగలను చూపుట కలదు. ప్రకృతియే కులములను కల్పించెనని వారి వాదము. ఆ సాక్షులు నిజముగా ఏమి చెప్పుచున్నారో విచారింతము.

మొదట మాట సంగతి. మన దేశమునకు వచ్చిన పోర్చుగీసువారు ఇచ్చటి కులములకు తమ భాషలోని ‘కాస్టా’ అను పేరు పెట్టిరి. అది ఇంగ్లీషులో ‘కాస్టు’ అయి, పిదప పురుగుల శాస్త్రములో ప్రవేశించెను. 1859లో డార్విను జీవజాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమున చీమలలోని తెగలను ఈ మాటతోనే వ్యవహరించెను. మనుష్యులు తమ సంఘములోని పేరును పురుగులకు పెట్టి, ఆ పురుగులను చూపి తమ భేదములు సహజములనిరి. తాను పాతిన కుండను తానే త్రవ్వి నిధి దొరకెనని మురిసినట్లున్నది!

కందిరీగ కొయ్యపీచును నమిలి కాగితము వంటి గూడు కట్టును. దానిని చూచి, కొయ్యనుండి కాగితము చేయవచ్చునని ఫ్రెంచి పండితుడు రెయోమూర్ 1719లోనే సూచించెను. కాగితము విషయమున ఇంత చక్కగా చూచిన మనుష్యుడు, అంతస్తుల విషయమున చక్కగా చూచుటకు మరి రెండు వందల ఏండ్లకు పైగా పట్టినది.

ఇటలీ దేశీయుడగు లియో పార్డి 1940 తరువాతి సంవత్సరములలో పోలిస్టిస్ అను కందిరీగలను పరీక్షించెను. వసంతకాలమున కొన్ని ఆడు ఈగలు కలిసి ఒక గూడు మొదలుపెట్టును. రూపమున వానికి చెప్పదగిన భేదము లేదు. అవి ఒకదానినొకటి కరచి, త్రోసి, పెనగులాడగా ఒకటి పైచేయి యగును. అది ఎక్కువ తిండి తిని గ్రుడ్లు పెట్టును. ఓడినవి మేతకు తిరుగును. వాని అండాశయములు క్రమముగా క్షీణించును. రాణి పోయినచో క్రిందిది ఆ స్థానము నెక్కును. పార్డి ఈ సంగతులను 1948లో ఇంగ్లీషున కూడ ప్రకటించెను.

మన దక్షిణ దేశపు కందిరీగయగు రొపాలిడియా మార్జినేటాను బెంగుళూరి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దములపాటు పరిశోధించెను. ఇందును రాణికిని పనికత్తెకును రూపభేదము లేదు. పైగా రాణి సాధువు. దానిని తొలగించినంతనే పనికత్తెలలో ఒకటి ఉగ్రరూపము దాల్చి, కొలది దినములలో గ్రుడ్లు పెట్టసాగును. అప్పుడే పుట్టిన ఆడు ఈగలను వేరువేరుగా ఉంచి చూడగా ఇంచుమించు సగము గ్రుడ్లు పెట్టినట్లు 1988లో తెలిపిరి. పెరుగు దశలో తిండి బాగుగా దొరకినవి త్వరగా గ్రుడ్లు పెట్టునని కూడ తరువాత తేలెను.

అయినచో రూపభేదము ఎక్కడను లేదా? కలదు. అమెరికా ఉష్ణదేశములలో అపోయికా అను రాత్రి తిరుగు కందిరీగ యున్నది. అందలి రాణులు మొత్తముమీద పనికత్తెలకంటె పెద్దవి కావు గాని, అవయవముల పొంతన వేరని 1995లో రాబర్టు జీన్, అతని సహచరులు కొలతలతో చూపిరి. రెక్కలు వచ్చిన ఈగ ఇక పెరుగదు గనుక, ఈ భేదము పిల్లపురుగుగా పెరుగు కాలమునందే ఏర్పడవలెను.

ప్రతివాదులు ఇచ్చట సంతోషింపవచ్చును. కాని ఒక్క ప్రశ్న. ఆ పనికత్తెలు ఎవరి బిడ్డలు? రాణి బిడ్డలే! రాణి కడుపున పుట్టి పనికత్తె యగుటయు, రాణి యగుటయు కందిరీగలలో నిత్యము జరుగుచున్నది. తల్లి స్థితి బిడ్డకు సంక్రమించుటయే మన కులమునకు మూలము. కందిరీగల గూటిలో లేనిది అదియే.

కందిరీగ మనకు ధర్మశాస్త్రకర్త కాదు. దాని గూటిలో ఎట్టి ఏర్పాటున్నను, మనుష్యుడు తోడి మనుష్యునికి చేయవలసిన న్యాయము మారదు. అయినను సాక్షిని పిలిచినవారు సాక్ష్యమును తుదివరకు వినవలెను గదా! ఆ సాక్ష్యము పుట్టుకను గూర్చి కాక, తిండిని, అవకాశమును గూర్చి చెప్పుచున్నది. ఆ రెండును ఎవరికెంత దొరకుచున్నవో మన ఊళ్ళలో విచారించుట కందిరీగల పని కాదు; మన పని.