ఓడ జాబితాలో గోదావరి ఆడపడుచు

మేఫ్లవర్ ఓడలో 1620లో అమెరికాకు బయల్దేరినవాళ్లు 102 మంది. ప్లిమత్ వలసకు చాలా ఏళ్లు గవర్నరుగా చేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ 1651 ప్రాంతంలో వాళ్ల జాబితా రాసిపెట్టాడు. అందులో థామస్ టింకర్ అనే ఆయన పేరుంది. పక్కన ‘భార్య, ఒక కొడుకు’ అని ఉంది, అంతే. మొదటి చలికాలం రోగాలకే ముగ్గురూ పోయారు. ఆ ఇల్లాలి పేరేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

సుసానా సంగతి ఇంకా విచిత్రం. భర్త విలియం వైట్‌తో కలిసి ఓడెక్కింది. కేప్ కాడ్ దగ్గర ఓడలోనే కొడుకును కంది. 1621 ఫిబ్రవరిలో భర్త పోయాడు. అదే ఏడు మే నెలలో ఎడ్వర్డ్ విన్‌స్లోను చేసుకుంది. ప్లిమత్‌లో జరిగిన మొట్టమొదటి పెళ్లి అదే. ఇంత చరిత్రకెక్కిన మనిషి పుట్టింటి పేరు జాక్సన్ అని పరిశోధకులు తేల్చింది మాత్రం ఈ మధ్యనే. వంశచరిత్రలు వెతకడానికే 1845లో బోస్టన్‌లో ఒక సంఘం పెట్టుకున్న దేశం అది!

మన గోదావరి ఆడపడుచుల్లో కొందరు ఈ విషయంలో అదృష్టవంతులే అనాలి. అదృష్టం అన్న మాట వాళ్లు వింటే ఏమంటారో గానీ.

మద్రాసు నుంచి 342 మంది కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా చెరకు తోటల కోసం నేటాల్‌కు తీసుకెళ్లినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. తమిళులతోపాటు గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. భర్తల వెంట వెళ్లిన ఆడవాళ్లున్నారు, ఒంటరిగా వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఆ ఓడల జాబితాల్లో మనిషికో వరస. ముందు ఒక నంబరు. తరవాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివర్లో ఒంటి మీది గుర్తులు: కాలి మీద మచ్చ, చేతి మీద పచ్చబొట్టు లాంటివి. గుమాస్తా ఇంత శ్రద్ధగా రాసుకున్నది ఓడెక్కిన ఆడమనిషి మీద గౌరవంతో కాదు. తోట నుంచి పారిపోతే ఆనవాలు పట్టడానికి. అయితేనేం, టింకర్ భార్యకు దక్కనిది ఈ కూలి మనిషికి దక్కింది. సొంత పేరు ఉంది, కన్నతండ్రి పేరు ఉంది, పుట్టిన ఊరు ఉంది. సొంత దేశంలో ఇంట్లో రాసుకున్న వంశవృక్షంలో కూడా ఆవిడకు ఇంత చోటు ఉండేది కాదు. మన వంశవృక్షాల్లో కొమ్మలన్నీ కొడుకులవే. తద్దినంలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు చెబుతారు నిజమే, అదీ అత్తింటి గోత్రంతోనే. ఊరూరా తిరిగి వంశాలు, గోత్రాలు చెప్పే పిచ్చిగుంట్లవారి కథల్లోనూ నడిచేది మగవాళ్ల వరసే.

ఇక ఈ వరస పట్టుకుని డర్బన్ నుంచి మునిమనవడు ఇటు వచ్చాడనుకుందాం. మొదటి చిక్కు ఏలూరుతోనే. ఇంగ్లీషు కాగితాల్లో మన ఊరు ‘ఎల్లోర్’. తమిళనాట ఉన్నది ‘వెల్లోర్’. చెదలు తిన్న కాగితం మీద మొదటి అక్షరం చెరిగిపోతే రెండూ ఒకటే. అందుకే ఊరి పేరు కంటే ముందు జిల్లా గడి చూడాలి. ఉత్తర ఆర్కాటు అని ఉంటే ఆ దారి వేరు, గోదావరి అని ఉంటే మన దారి.

గోదావరి అని ఉన్నా పని అయిపోదు. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఏలూరు ఉండేది. 1904లో తణుకు, భీమవరం, నరసాపురం, యర్నగూడెం తాలూకాలతోపాటు కృష్ణా జిల్లాలోకి వెళ్లింది. 1925లో పశ్చిమ గోదావరి అయింది. 2022 ఏప్రిల్ నుంచి ఏలూరే ఒక జిల్లా. అంటే 1880లో ఓడెక్కిన అక్క గోదావరి జిల్లా మనిషి, 1908లో ఓడెక్కిన చెల్లెలు కృష్ణా జిల్లా మనిషి. ఇల్లు మాత్రం మారలేదు! తాడేపల్లిగూడెం పేరుతో అప్పట్లో తాలూకాయే లేదు. పైగా చుట్టుపక్కలవాళ్లు దాన్ని ఉత్త ‘గూడెం’ అనే అంటారు. ఆవిడా అలాగే చెప్పి ఉంటే? జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, యర్నగూడెం అన్నీ గూడేలే.

కొల్లేటి మనిషైతే చిక్కు ఇంకాస్త ముదురుతుంది. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక... లంక అని వదిలేస్తే ఏ లంకని వెతకాలి? వానాకాలం సరస్సు ఒళ్లు విరుచుకుంటుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. ఒడ్డు ఎక్కడుందో ఆ ఏటి వరదను బట్టి చెప్పాల్సిందే. తమ్మిలేరు, బుడమేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోట కైకలూరు వైపుది. నిన్నమొన్నటి దాకా అది కృష్ణా జిల్లా, ఇటు ఏలూరు ఒడ్డు పశ్చిమ గోదావరి. 2022లో కైకలూరు కూడా ఏలూరు జిల్లాలో కలిశాక రెండు ఒడ్లూ ఒక కలెక్టరు కిందికొచ్చాయి. పాత రికార్డు కోసం తిరిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ మచిలీపట్నం, ఏలూరు రెండు చోట్లా అడగాల్సిందే.

చర్చి పుస్తకాలు కొంత సాయం చేస్తాయి. ఏలూరులో ఇంగ్లండు మిషనరీలు 1854లోనే స్థిరపడ్డారు, తాడేపల్లిగూడెంలో లూథరన్ మిషన్ ఉండేది. బాప్తిస్మం పుస్తకంలో తల్లి పేరూ రాస్తారు. కాకపోతే అది క్రైస్తవం తీసుకున్న ఇళ్ల వరకే.

ఈ వెతుకులాట ఇప్పుడు సరదా కోసం మాత్రమే కాదు. నేటాల్‌కే కాదు, మారిషస్‌కూ ఇలాగే కూలీలు వెళ్లారు. వాళ్ల రికార్డులు అక్కడ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడే ప్రకటించారు. ఏడు తరాలు వెనక్కి వెళ్లాలంటే ఆ పాత జాబితాలో వరస దొరకాలి.

దొరికిందనుకోండి. మునిమనవడు కాగితం పట్టుకుని ఊళ్లోకి దిగుతాడు. అరుగు మీది పెద్దాయన ఊరు పేరు, ముత్తవ్వ పేరు, ఆవిడ తండ్రి పేరు అన్నీ వింటాడు. విని, “ఇంటిపేరేంటి బాబూ?” అంటాడు. గుమాస్తా గీసిన గళ్లలో లేనిది అదొక్కటే. కుర్రాడు డర్బన్‌లో తరాలుగా వాడుతున్న ‘నాయుడు’ చెబుతాడు.

“అది సరే బాబూ... ఇంటిపేరు?”