అదనపు లంగరు: ఒక ముందుజాగ్రత్త చరిత్ర

ఓడ సామగ్రిలో తెరచాప, చుక్కాని, కొయ్యస్తంభం వంటివన్నీ చివరిదాకా ఓడను అంటిపెట్టుకుని ఉండవలసినవే. లంగరును మాత్రం అవసరమైతే సముద్రానికి వదిలివేయడానికి కూడా సిద్ధపడి తీసుకువెళ్ళాలి. అది అడుగున రాళ్ళ సందున ఇరుక్కుని ఎంత లాగినా పైకి రాకపోవచ్చు. రాతి అంచుల రాపిడికి దాని మోకు తెగిపోవచ్చు. గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకుని ఓడను ఒడ్డువైపు తోస్తున్నప్పుడు, లంగరెత్తే వ్యవధి లేక మోకు నరికి బయటి సముద్రంలోకి పోవలసి రావచ్చు. ఈ మూడు సందర్భాల్లోనూ ఓడ దక్కినా లంగరు దక్కదు కనుక, తరువాతి రేవులో ఓడను నిలపడానికి మరొకటి ఉండి తీరాలి. నేడు దేశాలు చుట్టివచ్చే చిన్న తెరచాప పడవలు, అంటే యాట్‌లు, రెండు మూడు లంగర్లను మోసుకుపోవడం వెనుక దాదాపు 3,300 సంవత్సరాల నావికానుభవం ఉంది.

ఆ అనుభవానికి దొరికిన తొలి సాక్ష్యాల్లో ముఖ్యమైనది తుర్కియే దక్షిణ తీరంలో, కాష్ పట్టణానికి చేరువలోని ఉలుబురున్ అంతరీపం దగ్గర బయటపడింది. సముద్రపు స్పాంజి కోసం మునిగే ఒక గజ ఈతగాడు 1982లో గుర్తించిన ఆ శిథిలాన్ని, జార్జ్ బాస్, చెమాల్ పులాక్‌ల ఆధ్వర్యంలో పురాతత్త్వవేత్తలు 1984 నుంచి 1994 వరకు నీటి అడుగునే తవ్వి పరిశీలించారు. క్రీ.పూ. 14వ శతాబ్దం చివరి కాలానికి చెందిన ఆ వర్తకపు ఓడలో సుమారు 10 టన్నుల రాగి దిమ్మలతోపాటు 24 రాతి లంగర్లు దొరికాయి. రాతి లంగరంటే పై అంచు దగ్గర మోకు దూర్చడానికి బెజ్జం తొలిచిన బల్లపరుపు రాతి పలక. దానికి నేలను పట్టుకునే కొక్కెం ఉండదు కాబట్టి ప్రధానంగా తన బరువుతోనే ఓడను ఆపుతుంది. అలాంటి రాయి ఒక్కటే పెద్ద ఓడను ఆపలేదు గనుక ఒకేసారి కొన్నింటిని దింపవలసివచ్చేదనీ, రాతి నేలల్లో వాటిని తరచు వదులుకోవలసివచ్చేదనీ అంత సంఖ్యను బట్టి ఊహించవచ్చు. వాటిలో చాలావరకు ఒక్కొక్కటి 100 కిలోలకు మించి తూగుతాయి. విలువైన సరుకు పట్టే చోటును అన్ని రాళ్ళకు కేటాయించారంటే, ఆ వర్తకులు వాటిని సరుకంత అవసరమైనవిగానే ఎంచారన్నమాట.

కొక్కేలున్న లంగర్లు వచ్చిన తరువాత కూడా ఈ లెక్క పెద్దగా తగ్గలేదు. మొదట కొయ్యకు సీసపు బరువు జోడించిన లంగర్లు, ఆపైన ఇనుప లంగర్లు మధ్యధరా సముద్రంలో వాడుకలోకి వచ్చాయి. అయితే పెద్ద ఇనుప ముక్కలను అతుకు బలంగా ఉండేలా కొలిమిలో సాగగొట్టడం ఆనాటి కమ్మరులకు కష్టం కావడంతో లంగర్లు సన్నగా ఉండి సులభంగా విరిగిపోయేవి. తుర్కియేలోని యస్సిఅదా ద్వీపం దగ్గర దొరికిన 7వ శతాబ్దపు బైజాంటిన్ ఓడ ఈ పరిస్థితిని స్పష్టంగా చూపుతుంది: పట్టుమని 21 మీటర్ల పొడవైనా లేని ఆ ఓడలో 11 ఇనుప లంగర్లుండగా, నాలుగింటిని ఇరుపక్కలా రెండేసి చొప్పున దింపడానికి సిద్ధంగా ఉంచి, తక్కిన ఏడింటిని పైతట్టు మీద దొంతిగా పేర్చారు. గ్రీకులూ రోమన్లూ అన్నింటికన్నా పెద్ద లంగరును పవిత్రమైనదిగా భావించి, ఇక వేరే దారి లేదనుకున్నప్పుడు మాత్రమే దాన్ని నీట దింపేవారు. బైబిల్‌లోని అపొస్తలుల కార్యముల గ్రంథం చెప్పే పౌలు ప్రయాణంలో, నావికులు చీకట్లో లోతు కొలిచి, 20 బారలున్నది 15 బారలకు తగ్గగానే రాళ్ళకు కొట్టుకుంటామన్న భయంతో ఓడ వెనుక భాగం నుంచి నాలుగు లంగర్లు దింపుతారు. తెల్లవారాక ఆ నాలుగింటినీ సముద్రంలోనే విడిచి ఓడను ఒడ్డుకు తోలుతారు. రాత్రంతా ఓడను నిలిపిన లంగర్లే ఉదయానికి వదులుకోవలసినవయ్యాయి.

18వ శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళం ఈ అలవాటును నియమబద్ధం చేసి, ఒక్కో లంగరుకు ఒక్కో పని అప్పగించింది. ఓడ ముందుభాగాన ఇరుపక్కలా వేలాడుతూ రోజువారీ వాడుకలో ఉండేవి రెండు బోవర్ లంగర్లు. అవి విఫలమైతే దింపడానికి అంతే బరువున్న షీట్ లంగరు సిద్ధంగా ఉండేది. నెమ్మదైన నీటిలో తాత్కాలికంగా ఆగడానికి స్ట్రీమ్ లంగరు, ఓడను ఒక చోటు నుంచి మరొక చోటికి లాగడానికి అన్నింటికన్నా తేలికైన కెడ్జ్ లంగరు ఉపయోగపడేవి. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌక ఇలాంటివి ఏడింటిని మోసేది. దాని పెద్ద లంగరు మోకు చుట్టుకొలత సుమారు 2 అడుగులు.

అదనపు లంగర్లు చేసే ఉపకారం ఎలాంటిదో 1770 జూన్ 11 రాత్రి ఆస్ట్రేలియా తూర్పు తీరాన తేలింది. కెప్టెన్ జేమ్స్ కుక్ నడుపుతున్న ఎండీవర్ నౌక పోటు సమయంలో పగడపు దిబ్బ మీదికెక్కి చిక్కుకుపోయింది. కుక్ మనుషులు ఆరు ఫిరంగులతో సహా దాదాపు 50 టన్నుల బరువును సముద్రంలో పారవేశారు. లంగర్లను పడవల్లోకి ఎక్కించి, లోతైన నీటి వరకు తీసుకుపోయి దింపి, వాటి మోకులను ఓడ మీది రాట్నాలకు చుట్టి బిగించారు. అడుగున లంగరు గట్టిగా నాటుకుని ఉంటే, బిగిసిన మోకు ఓడనే లంగరు వైపు లాగుతుంది. మరునాటి పగటి పోటు రాత్రి పోటంత ఎత్తుకు రాకపోవడంతో ఓడ కదలలేదు. ఆ రాత్రి పోటు వచ్చాక, మోకులన్నీ ఒక్కసారిగా లాగడంతో అది దిబ్బ నుంచి విడివడింది. ఆ పెనుగులాటలో పోగొట్టుకున్న ఒక బోవర్ లంగరును 1971లో పైకి తీశారు. అది ఇప్పుడు కుక్‌టౌన్ మ్యూజియంలో ఉంది. ఒకే లంగరుతో బయలుదేరిన ఓడ ఆ దిబ్బ మీదే ముక్కలై ఉండేది.

తూర్పు కోస్తాలోని తెలుగు రేవులకు కూడా ఈ చరిత్రలో చోటుంది. మచిలీపట్నం దగ్గర సముద్రం మెరకగా ఉండటం వల్ల పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక, తీరానికి మైళ్ళ దూరంలో, ఏ చాటూ లేని బయటి నీటిలో లంగరు వేసుకుని నిలిచేవి. సరుకులు పడవల మీద అటూ ఇటూ చేరేవి. ఈశాన్య రుతుపవన కాలంలో వాయుగుండం సూచనలు కనిపిస్తే మోకు విడిచి బయటి సముద్రంలోకి పోవడమే కోరమాండల్ తీరమంతటా క్షేమకరమైన పద్ధతి. ఆలస్యం చేసిన ఓడల గతి ఏమవుతుందో 1746 అక్టోబరులో, మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళానికి తుపాను చూపించింది. ఆ విధంగా విడిచిన లంగరు కోసం మళ్ళీ వెతుక్కోవాలి; అది దొరికేలోగా ఓడ నిలవాలంటే మరొక లంగరు దగ్గరుండాలి.

19వ శతాబ్దం తొలి దశకాల్లో నార మోకుల స్థానంలో ఇనుప గొలుసులు రావడంతో రాపిడికి తెగిపోయే భయం బాగా తగ్గింది. కొలిమి పనిలో నైపుణ్యం పెరిగి లంగర్లూ దృఢమయ్యాయి. ఓడలు మోసే లంగర్ల సంఖ్య క్రమంగా పడిపోయినా, చిన్న పడవల యజమానులు మాత్రం పాత సూత్రాన్ని విడవలేదు. 1895 నుంచి 1898 వరకు ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి నావికుడు జాషువా స్లోకమ్, 37 అడుగుల లోపు పొడవున్న తన స్ప్రే పడవలో 40, 100, 180 పౌన్ల బరువున్న మూడు లంగర్లను తీసుకువెళ్ళాడు. కొండల మీది నుంచి హఠాత్తుగా గాలి విరుచుకుపడే మాజెల్లాన్ జలసంధి వంటి చోట్ల పడవ నిలవడం, నిలవకపోవడం లంగర్ల మీదే ఆధారపడుతుంది.

20వ శతాబ్దం అదనపు లంగరుకు మరొక కారణాన్ని చేర్చింది. 1933లో కేంబ్రిడ్జి భౌతికశాస్త్రవేత్త జి.ఐ. టేలర్, నీటి మీద వాలే విమానాలను దృష్టిలో ఉంచుకుని, నాగలి ఆకారంలో నేలలోకి దిగే సి.క్యు.ఆర్. లంగరును రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫర్త్, సైనికులను దింపిన పడవలు తీరం నుంచి తమను తామే వెనక్కి లాక్కునేలా, పలుచని రెండు రెక్కల తేలికపాటి లంగరును తయారుచేశాడు. ఇవి బరువు మీద కాక నేలలో పాతుకునే తీరు మీద ఆధారపడటంతో, ఏ లంగరు ఏ నేలకు తగినదన్న ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. డాన్‌ఫర్త్ రకం ఇసుకలో, మెత్తని బురదలో అద్భుతంగా పట్టుకుంటుంది గాని దట్టమైన నాచు మీద జారిపోతుంది. పొడవైన కొమ్ములున్న పాతకాలపు లంగరు రాళ్ళలో, నాచులో గుచ్చుకుంటుంది గాని ఇసుకలో దాని బరువుకు తగ్గ పట్టు రాదు. కాబట్టి రెండో లంగరు మొదటిదానికి నకలుగా కాక, దాని లోపాన్ని పూరించేదిగా ఉండాలన్న ఆలోచన స్థిరపడింది. అమెరికన్ పడవల రూపశిల్పి నథానియల్ హెరెషాఫ్ పాత తరహా లంగరునే మూడు భాగాలుగా విడదీయగలిగేలా మలచడంతో, తుపాను కోసం దాచే భారీ లంగరు కూడా చిన్న పడవ అడుగు భాగంలో ఇమిడిపోయింది.

అయితే లంగర్లే సర్వస్వం కావు. 1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ దగ్గర, సముద్రానికి బాహాటంగా తెరుచుకున్న అఖాతంలో లంగరు వేసి ఉన్న యాట్‌లలో ఇరవైకి పైగా ఒక్క తుపాను రాత్రిలో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఏళ్ళ తరబడి మహాసముద్రాలు దాటిన నావికుడు బెర్నార్ ముఆతెసియే పడవ జాషువా కూడా వాటిలో ఉంది. లంగర్లు ఎన్ని ఉన్నా, గాలి మారగానే చోటు విడిచిపోవాలన్న నిర్ణయం సకాలంలో తీసుకోకపోతే అవి కాపాడలేవన్నది ఆ రాత్రి మిగిల్చిన పాఠం.

నేటి యాట్ నావికులు సాధారణంగా ముందుభాగాన ఒక ప్రధాన లంగరును గొలుసుతో సిద్ధంగా ఉంచి, వేరే రకం రెండో లంగరును, దానికి కొన్ని మీటర్ల గొలుసు ముక్కతో కూడిన నైలాన్ మోకును, వీలైతే విడదీసి దాచిన మూడో లంగరును వెంట తీసుకువెళతారు. లోతుకు సాధారణంగా ఐదు నుంచి ఏడు రెట్లు పొడవైన గొలుసు గాని మోకు గాని వదిలితేనే లంగరు నేలను గట్టిగా పట్టుకుంటుంది గనుక, తగినంత మోకు లేని అదనపు లంగరు వట్టి బరువే అవుతుంది. ఉలుబురున్ ఓడలోని 24 రాళ్ళ నుంచి నేటి రెండు మూడు ఉక్కు లంగర్ల వరకు సంఖ్య తగ్గుతూ వచ్చినా, వాటిని మోయడానికి కారణమైన అవసరం అలాగే ఉంది. ఉన్నది ఒక్కటే అయినప్పుడు దాన్ని వదులుకోవడానికి నావికుడి చెయ్యి తటపటాయిస్తుంది, ఆ తటపటాయింపులో ఓడ ఒడ్డుకు చేరువవుతుంది. రెండోది ఉందన్న ధీమా మొదటిదాని మోకును వేళకు నరికిస్తుంది. అదనపు లంగరు ఎన్నడూ నీటిని తాకకపోయినా, ఆ తెగింపునిచ్చినప్పుడే తన పని తాను నెరవేర్చినట్టు.