కొన్న గేమ్‌లన్నీ మనవేనా? డిజిటల్ సేకరణ, లైసెన్సు హద్దులు

తగ్గింపు ధరలు వచ్చినప్పుడల్లా పిల్లలు రెండొందలకు ఒకటి, ఐదొందలకు ఒకటి అంటూ కొనే కంప్యూటర్ గేమ్‌లు ఐదారేళ్లు తిరిగేసరికి వంద దాటిపోతాయి. డబ్బు పెద్దవాళ్ల యూపీఐ నుంచో కార్డు నుంచో వెళుతుంది. లెక్క కడితే పాత స్కూటరు ఒకటి కొనుక్కునేంత సొమ్ము. మరి ఆ వంద గేమ్‌లు ఎవరివి? అబ్బాయివా, డబ్బిచ్చిన నాన్నవా, లేక అమ్మిన కంపెనీవేనా?

మనం అనుకునే జవాబు ఒకటి, ఒప్పందంలో కంపెనీ రాసుకున్న జవాబు మరొకటి. ఆ తేడా ఎక్కడ తగులుతుందో, అందులో మనం నిజంగా దాచుకోగలిగినది ఎంతో ఇక్కడ వివరిస్తున్నాం.

దుకాణం మొత్తం కొన్నాక

నింటెండో కంపెనీ తన త్రీడీఎస్, వీ యూ గేమ్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలను మూసేస్తామని 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2023 మార్చి 27న మూసేసింది. ఆలోగా ఆ రెండు దుకాణాల్లో అమ్మకానికి ఉన్న ప్రతి గేమూ కొనెయ్యాలని అమెరికా యూట్యూబర్ జిరార్డ్ ఖలీల్ పట్టుబట్టాడు. 328 రోజులు పట్టింది. 464 ప్రీపెయిడ్ కార్డులు, 22,791 డాలర్లు ఖర్చయ్యాయి. అప్పటి మారకంలో 18 లక్షల రూపాయల పైమాటే. లెక్కకు వచ్చినవి వీ యూలో 866, త్రీడీఎస్‌లో 1,547.

కొనడం ఒక ఎత్తు, కొన్నవాటిని ఒకచోట ఉంచడం మరో ఎత్తు. త్రీడీఎస్ ఒక ఎస్‌డీ కార్డు నుంచి 300 గేమ్‌లకు మించి చూపించదు. ఆ లెక్కన 1,547 గేమ్‌లకు కనీసం ఆరు కార్డులు మార్చి మార్చి పెట్టుకోవాలి. ఆ కార్డు తీసి పక్కింటివాళ్ల త్రీడీఎస్‌లో పెడితే గేమ్ నడవదు. గేమ్‌కు ఆ యంత్రంతోనే తాళం వేసి ఉంటుంది.

ఇంత చేసినా అది పూర్తి సేకరణ కాదు. అమెరికా దుకాణంలో ఉన్నవి మాత్రమే కొన్నాడు. జపాన్ దుకాణం వేరు, అక్కడి త్రీడీఎస్ గేమ్ అమెరికా యంత్రంలో ఆడదు. అతను మొదలుపెట్టేనాటికే అమ్మకం నుంచి తీసేసిన గేమ్‌లు ఎంత డబ్బిచ్చినా దొరకవు. సేకరణను వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్‌కు ఇస్తానని అతను చెప్పాడు. యంత్రాలు, హార్డ్ డిస్కులు చేతికి ఇవ్వొచ్చు గానీ, వాటిలోని గేమ్‌ల లైసెన్సు అలా చేతులు మారేది కాదు.

ఆ ఫౌండేషనే 2023 జూలైలో ఒక అధ్యయనం వెలువరించింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మామూలు అమ్మకంలో లేవని తేలింది. మన పాత తెలుగు సినిమాల ప్రింట్లు ఎన్ని పోయాయో తెలిసినవాళ్లకు ఈ లెక్క వింతేమీ కాదు. కనీసం పరిశోధకులకైనా లైబ్రరీలు పాత గేమ్‌లను దూరం నుంచి చూపించే వీలు కల్పించమని అడిగితే, అమెరికా కాపీరైట్ ఆఫీసు 2024 అక్టోబరులో కాదన్నది.

కొన్నది గేమ్ కాదు, అనుమతి

కంప్యూటర్ గేమ్‌లకు మన పిల్లలు ఎక్కువగా వాడే దుకాణం వాల్వ్ కంపెనీవారి స్టీమ్. ఇది 2003లో మొదలైంది. దాని సభ్యత్వ ఒప్పందం దాపరికం లేకుండానే చెబుతుంది: ఇక్కడ ఉన్నదంతా లైసెన్సుకు ఇస్తున్నదే తప్ప అమ్ముతున్నది కాదు, మీ లైసెన్సు వల్ల మీకు యాజమాన్యం రాదు. ఖాతాను అమ్మకూడదు, బదిలీ చేయకూడదు. మనం చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' నొక్కేది దీనికే.

ఆ మాట కొనేచోటే కనబడాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డిజిటల్ సరుకును 'కొనండి' అని చూపించే దుకాణం, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా తెలియజెయ్యాలి. ఆ చట్టం అమల్లోకి రాకముందే స్టీమ్ తన బండి పేజీలో ఆ వాక్యం చేర్చింది. చట్టం హక్కులేమీ పెంచలేదు, పేరు సరిగ్గా పెట్టమన్నది, అంతే.

అనుమతి పోయే దారులు

యూబీసాఫ్ట్ కంపెనీ 'ద క్రూ' అనే కార్ల పందెం గేమ్‌ను 2014లో విడుదల చేసింది. ఒంటరిగా ఆడుకున్నా సర్వర్‌తో కలవాల్సిందే. 2023 డిసెంబరులో అమ్మకం ఆపేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత ఆటగాళ్ల ఖాతాల నుంచి లైసెన్సులే వెనక్కి తీసుకున్నారు. డిస్కు కొన్నవాళ్ల దగ్గర డిస్కు అలాగే ఉంది, కానీ అది దేనికీ పనికిరాదు. దీని మీదే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. అమ్మిన గేమ్‌ను ఆపేటప్పుడు ఆడుకోగల స్థితిలో వదిలిపెట్టాలన్నది దాని కోరిక. యూరోపియన్ యూనియన్‌కు ఇచ్చిన వినతిపత్రం మీద 2025 జూలైలో సంతకాలు 10 లక్షలు దాటాయి.

కొన్నిసార్లు గేమ్ ఉంటుంది, లోపలిది మారుతుంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో నాలుగో భాగంలో కారు రేడియోలో వచ్చే పాటలకు పదేళ్ల లైసెన్సు ఉండేది. 2018 ఏప్రిల్‌లో గడువు తీరగానే కొన్ని పాటలు తీసేశారు. అప్పటికే గేమ్ కొన్నవాళ్ల కంప్యూటర్లలో కూడా అప్‌డేట్ పేరుతో అవి పోయాయి. గేమ్ కంపెనీ కూడా ఒక అద్దెదారే అని ఇక్కడ తెలుస్తుంది. పాటలకు ఒకరు, కార్ల బొమ్మలకు ఒకరు, ఆటగాళ్ల పేర్లకు ఒకరు యజమానులు. అందుకే పందెపు గేమ్‌లు, క్రీడల గేమ్‌లు త్వరగా అమ్మకం నుంచి మాయమవుతాయి.

మన దగ్గర అందరికీ గుర్తుండే ఉదాహరణ పబ్జీ మొబైల్. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదొకటి. అందులో డబ్బు పెట్టి కొన్న దుస్తులు, తుపాకీ రంగులు ఒక్కసారిగా గాలిలో ఉండిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చాక పాత ఖాతా వివరాలు తెచ్చుకునే వీలిచ్చారు కాబట్టి చాలామందికి దక్కాయి. దానికి కంపెనీ సుముఖతే కారణం, ఆటగాడి హక్కు కాదు. 2022 జూలైలో ఆ గేమూ యాప్ దుకాణాల నుంచి పోయి, 2023 మేలో తిరిగి వచ్చింది.

మన చట్టం

సాఫ్ట్‌వేర్ వస్తువా కాదా అన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఒక తెలుగు రాష్ట్రం కేసులోనే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమ్మకం పన్ను వేసింది. డిస్కులో ఎక్కించి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ 'సరుకే', పన్ను పడుతుందని 2004లో కోర్టు తేల్చింది. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో, మామూలు వాడకందారు ఒప్పందంతో విదేశీ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే కాపీరైట్ చేతులు మారదు కాబట్టి ఆ సొమ్ము రాయల్టీ కాదని చెప్పింది. రెండూ పన్ను తీర్పులు. పన్ను వేసేటప్పుడు సరుకు, మనం అమ్ముకోబోతే లైసెన్సు అన్న అసలు చిక్కును అవి తీర్చలేదు.

ఈ విషయంలో యూరప్ కాస్త ముందుకు వెళ్లి మళ్లీ ఆగింది. డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమ్ముకోవచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2012లో ఒరాకిల్ కేసులో అన్నది. ఆ బలంతో ఫ్రాన్స్ వినియోగదారుల సంఘం వాల్వ్ మీద దావా వేసి 2019లో గెలిచింది. గేమ్ అంటే ఉత్త సాఫ్ట్‌వేర్ కాదు, బొమ్మ, సంగీతం, కథ కలిసిన రచన అంటూ పారిస్ అప్పీలు కోర్టు 2022లో దాన్ని కొట్టేసింది.

మన కాపీరైట్ చట్టం, 1957 ఇచ్చే వీలు చిన్నదే అయినా పనికొస్తుంది. న్యాయంగా పొందిన సాఫ్ట్‌వేర్ పాడైపోతే ఉండాలని బ్యాకప్ కాపీ తీసుకోవడం, వ్యాపారం కోసం కాకుండా సొంత వాడకానికి కాపీ చేసుకోవడం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. అయితే హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే, 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. 'క్రాక్' చేసిన గేమ్ నాలుగు ఇళ్లకు పంచిపెట్టే పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచాలి.

కారణం లేకుండా ఏకపక్షంగా ఒప్పందం రద్దు చేసుకునే షరతును వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అన్యాయపు ఒప్పందాల్లో చేర్చింది. అలాంటి ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళుతుంది. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి చూడొచ్చు.

ఇంట్లో పంచుకోవడం, తర్వాతివాళ్లకు ఇవ్వడం

బళ్లారిలోనో బరంపురంలోనో తాతగారి పుస్తకాల బీరువాను ముగ్గురు కొడుకులు పంచుకోవచ్చు. గేమ్‌ల ఖాతాకు ఆ దారి లేదు. వీలునామా ద్వారా కూడా ఖాతాను మరొకరికి బదిలీ చేయలేమని స్టీమ్ సహాయ విభాగం 2024లో ఒక వాడకందారుకు జవాబిచ్చింది.

బతికి ఉండగా పంచుకోవడానికి మాత్రం 2024 సెప్టెంబరులో స్టీమ్ ఫ్యామిలీస్ వచ్చింది. ఆరుగురు సభ్యుల వరకు ఒకరి గేమ్‌లు ఒకరు ఆడుకోవచ్చు. ఒకే గేమ్ ఇద్దరు ఒకేసారి ఆడాలంటే రెండు కాపీలు కొనాలి. ఇది ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు ఉద్దేశించినది. షోలాపూర్‌లో అన్న, చెన్నైలో పెదనాన్న కొడుకు అని కలుపుకుంటే ఒప్పందం ఒప్పదు. ఒకసారి చేరి బయటికి వస్తే, ఇంకో కుటుంబంలో చేరడానికి మొదట చేరిన రోజు నుంచి ఏడాది నిండేదాకా ఆగాలి. ఇంకో మెలిక ఉంది. మన గేమ్ ఆడుతూ తమ్ముడు మోసానికి పాల్పడి నిషేధానికి గురైతే, గేమ్ సొంతదారైన మన ఖాతాకూ ఆ నిషేధం తగులుతుంది.

ఏది నిలుస్తుంది

పోలండ్‌కు చెందిన జీఓజీ దుకాణంలో గేమ్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలే దించుకోవచ్చు. తాళం ఉండదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. చట్టం దృష్టిలో అదీ లైసెన్సే. కానీ ఫైలు మన హార్డ్ డిస్కులో ఉంటుంది కాబట్టి దుకాణం మూతపడినా ఆడుకోవచ్చు. స్టీమ్‌లో కూడా తాళం లేని గేమ్‌లు కొన్ని ఉన్నాయి. వాటి ఫోల్డరు కాపీ చేసుకుంటే చాలు. స్టీమ్ సొంత బ్యాకప్ సదుపాయం మాత్రం అలాంటిది కాదు, తిరిగి పెట్టుకోవాలంటే మళ్లీ ఖాతాలోకి వెళ్లాలి.

డిస్కు కొంటే భద్రమనే మాట ఇప్పుడు సగమే నిజం. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కొన్ని గేమ్‌లకు ఇచ్చే కార్డులో గేమే ఉండదు, దించుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. ఆ కార్డును ఇంకొకరికి అమ్మొచ్చు, అప్పు ఇవ్వొచ్చు. సర్వరు ఉన్నంతకాలమే అది.

కాబట్టి కొనేముందు పేజీ కిందిదాకా చూడండి. 'నిరంతర ఇంటర్నెట్ కావాలి' అని ఉంటే అది కంపెనీ దయ ఉన్నన్నాళ్ల గేమ్ అని లెక్క వేసుకుని ఎంత పెట్టాలో తేల్చుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్‌తో ఖాతా తెరవకండి, చదువు ముగిసి ఆ ఈమెయిల్ మూతపడితే ఖాతా తిరిగి తెచ్చుకోవడం కష్టం. దించుకున్న ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టి, ఏడాదికోసారి తెరిచి చూడండి. కొన్న రసీదుల ఈమెయిళ్లు తుడిచెయ్యకండి. ఖాతా పోయినప్పుడు అది మనదేనని రుజువు చేసుకోవడానికి ముందుగా అడిగేవాటిలో అవీ ఉంటాయి.