వంశధార దిగువన వరి సాగు: నేల, నీటి సంరక్షణ చరిత్ర

ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించే వంశధార నది శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని దిగువ పల్లెలకు ఖరీఫ్ వరే ఆధారం. ఇక్కడ నేలనూ, దాని పదును(తేమ)నూ కాపాడే పద్ధతులు రైతుల అనుభవంలోంచే వచ్చాయి. ప్రభుత్వ విధానాలు మొదట నీటిని, తర్వాత విత్తనాన్ని, చివరికి నేలను పట్టించుకున్నాయి.

పాత పద్ధతులు

కాలువలు రాకముందు సాగు వానలు, చెరువులు, గెడ్డల (వాగుల) మీద నడిచేది. తొలకరికి పొడి దుక్కిలో విత్తనాలు చల్లడాన్ని 'ఎద' అంటారు. దీనికి ఆకుమడి, దమ్ము అక్కర్లేదు. నీరూ కూలీ ఆదా అవుతాయి గాని కలుపు బెడద ఎక్కువ. దమ్ము చేసి ఉభాలు (నాట్లు) వేసే పొలాల్లో వాన ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది.

కోతకు కొద్ది రోజుల ముందు వరి పైరులోనే మినుము, పెసర చల్లడం మరో పద్ధతి. మళ్లీ దున్నకుండా, తడి పెట్టకుండా, మిగిలిన పదునుతోనే అపరాలు పండుతాయి. వాటి వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. నేలను కదపకపోవడం, మోళ్లతో కప్పి ఉంచడం, పంట మార్చడం అనే నేటి సంరక్షణ సేద్య సూత్రాలు మూడూ ఇందులో ఉన్నాయి.

నీటి విధానాలు

1962లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలు వంశధార నీటిని చెరిసగం పంచుకోవడానికి అంగీకరించాయి. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ కట్టాక ఎడమ కాలువ కింద సుమారు 1.48 లక్షల ఎకరాల ఆయకట్టు ఏర్పడింది. ఈ నీటిపై రెండు రాష్ట్రాల మధ్య తలెత్తిన వివాదంపై 2010లో నియమించిన ట్రిబ్యునల్ 2017లో తీర్పునిచ్చింది. 1997 చట్టం కాలువల, చెరువుల నిర్వహణలో రైతుల సాగునీటి సంఘాలకు భాగం కల్పించింది.

విత్తనం, సాగు

శ్రీకాకుళం దగ్గరి రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం 'శ్రీకాకుళం సన్నాలు' వంటి వరి రకాలను అందించింది. 2003 ఖరీఫ్ నుంచి రాష్ట్రంలో 'శ్రీ' సాగు ప్రచారమైంది. లేత నారును ఒక్కో మొక్కగా 25 సెంటీమీటర్ల ఎడంలో నాటి, పొలాన్ని తడిపి ఆరబెట్టడం దీని పద్ధతి.

ప్రకృతి సేద్యం

2004 నుంచి మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు రాష్ట్రంలో విస్తరించింది. 2016లో రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్య కార్యక్రమం చేపట్టింది. విత్తనాలకు బీజామృతం పట్టించడం, పొలానికి జీవామృతం అందించడం, ఖరీఫ్‌కు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లడం ఇందులో భాగాలు. ఎండాకాలంలోనూ నేలను పచ్చగా కప్పి ఉంచడం చివరిదాని లక్ష్యం.

నేటి సమస్య

కూలీల కొరతతో కోత యంత్రాలు వచ్చాయి. వాటి చక్రాల కింద పైరులో చల్లిన మినుము మొలకలు నలిగిపోతాయి. కోత అయ్యాక విత్తితే పదును ఆరిపోతుంది. తుపాన్ల ముప్పు దీనికి తోడు: 2021 సెప్టెంబరు 26న 'గులాబ్' కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. త్వరగా కోతకొచ్చే, ముంపును తట్టుకునే వరి రకాలు, మోళ్ల మధ్యే విత్తే యంత్రాలు రైతుకు అందితేనే ఈ అపరాల సాగు నిలుస్తుంది.