వసంతగుండ: కొండచెట్టు ఇచ్చిన పట్టురంగు

ఆమదాలవలస అనగానే ఆముదపుచెట్టు జ్ఞప్తికి వస్తుంది. ఆముదపుకాయను ఒలిచి చూడని విద్యార్థి ఈ ప్రాంతములో అరుదు. అందులో మూడు గదులు, గదికొక గింజ. ఈ కుటుంబానికే చెందిన మరొక చెట్టు తూర్పు కనుమల అడవులలో పెరుగుతున్నది. దాని కాయ బఠాణీగింజంత. అదికూడ మూడు గదులదే. కాని పండిన కాయమీద ముళ్లకు బదులు ఇటుకరంగు పొడి దట్టముగా పట్టి ఉంటుంది. ఈ చెట్టును సిందూరి అనీ, కుంకుమచెట్టు అనీ అంటారు. శాస్త్రనామము మాలోటస్ ఫిలిప్పెన్సిస్. ఆ పొడికే మన ప్రాంతములో వసంతగుండ అని పేరు.

ఈ గుండ చరిత్రను వ్రాసిపెట్టినవాడు విలియం రాక్స్‌బరో. ఈ స్కాట్లండు వైద్యుడు 1781 నుండి సుమారు ఒక పుష్కరకాలము సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించాడు. 1795 నుండి లండనులో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో ఈ చెట్టును వర్ణించాడు. తరంగంబాడిలోని మతబోధకుడు, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన రాట్లర్ పేరిట దానికి రాట్లెరా అని పేరు పెట్టాడు. పొడికి మాత్రము తెలుగుపేరే వ్రాసుకొన్నాడు. సర్కారుల కొండప్రాంతాలనుండి ఈ గుండ విశేషముగా ఎగుమతి అయ్యేదనీ, వర్తకులు దానిని హైదరాబాదు మొదలైన చోట్లకు కొనిపోయేవారనీ ఆయన తెలిపాడు.

అద్దకమువారి పద్ధతినికూడ ఆయన నమోదు చేశాడు. గుండ నాలుగు పాళ్లు, పటిక ఒక పాలు, సోడా ఉప్పు రెండు పాళ్లు తీసుకొని, చేతికి తెలిసీ తెలియనంత నువ్వులనూనెతో బాగా నూరాలి. దానిని మరుగుతున్న నీటిలో వేసి, పట్టునూలు ముంచి, అటూ ఇటూ త్రిప్పుతూ కాచాలి. నిప్పుసెగవంటి నారింజరంగు వస్తుంది.

ఇందులో సోడా ఎందుకు? వసంతగుండ నీటిలో దాదాపు కరగదు. దానిలోని ముఖ్యమైన రంగుపదార్థము రాట్లెరిన్‌కు ఆమ్లగుణము ఉన్నది కనుక క్షారద్రవములో కరుగుతుంది. 1855లో ఆండర్సన్ అనే రసాయనవేత్త ఈ పదార్థమును వేరుచేశాడు. అంతకు ఎంతో పూర్వమే మన అద్దకమువారు అనుభవముచేత సోడాను పట్టుకొన్నారు. ఈ రంగు పట్టుకు, ఉన్నికి అంటినట్లు నూలుకు అంటదు. ఆమదాలవలసకు సమీపాననే పొందూరు సన్నని నూలుఖద్దరుకు పేరుపొందినా, ఈ గుండకు పట్టునేత ఉన్న చోట్లనే గిరాకి.

1856లో పెర్కిన్ కనుగొన్న కృత్రిమవర్ణముతో కాలము మారింది. ఒకటి వెంట ఒకటిగా ప్రయోగశాలల రంగులు బజారుకు వచ్చాయి. 1890 తరువాతి దశకములో ఈ తీరమున రైలుమార్గము పడేనాటికే వాటి రాజ్యము స్థిరపడింది. దీనికి తోడు గుండలో ఇసుక, ఇటుకపొడి కలిపే కల్తీకూడ ఉండేది. కల్తీసరుకుతో రంగు ఒక్కతీరుగా రాదు. కొండ దిగిన గుండకు బేరము తగ్గింది. చెట్టుమాత్రము అడవిలోనే ఉన్నది.

ఈ చెట్టుకు ఒక సుగుణమున్నది. తొగరుచెట్టునుండి ఎరుపు తీయాలంటే వేళ్లు త్రవ్వాలి. సిందూరి విషయములో కాయలు కోసి, బుట్టలో రాపాడించి, రాలిన గుండను పట్టుకొంటే చాలును. చెట్టుకు హాని లేదు. నరికినా మోడునుండి చిగురిస్తుంది. పెంచదలచినవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గింజల మొలకశక్తి త్వరగా నశిస్తుంది కనుక తాజా గింజలే నాటాలి. తాటిలో పోతుతాడి, పెంటితాడి ఉన్నట్లే ఇందులోను మగచెట్లు, ఆడచెట్లు వేరు. ఒక్క చెట్టు నాటి కాయలకై ఎదురుచూస్తే ఆశాభంగము కావచ్చును. నాలుగైదు నాటడము మేలు.

విద్యార్థులు బడిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. చిటికెడు గుండను గ్లాసులోని నీటిమీద చల్లండి. అసలు గుండ తేలుతుంది. ఇసుక అడుగుకు దిగుతుంది. తరువాత కొంచెము చాకలిసోడా వేసి, ఉపాధ్యాయుని సమక్షములో వేడిచేయండి. నీరు ఎర్రబారడము కనబడుతుంది. రాక్స్‌బరో వ్రాసిన పద్ధతిలోని మొదటి మెట్టు అదే. పుస్తకములో మిగిలిన ఆ విద్యను కండ్లతో చూచిన పిల్లవాడు, రేపు కొండదారిలో ఆ చెట్టును గుర్తుపట్టగలుగుతాడు.