మాయాబాలికల జట్టు కథలు (జపాన్ అనిమే)

మాయాబాలికల జట్టు కథలు జపాన్ అనిమేలో ఒక పెద్ద శాఖ. బడికి వెళ్ళే మామూలు అమ్మాయిలు కొందరు మంత్రశక్తి పొంది, వేషం మార్చి, కలిసి దుష్టశక్తులతో తలపడటం వీటి ఇతివృత్తం. మాయాబాలికను జపాన్‌లో 'మహో షోజో' అంటారు. ఒక్కో అమ్మాయికి ఒక్కో రంగు, ఒక్కో శక్తి, ఒక్కో స్వభావం ఉండటమే ఈ కథలకు ప్రాణం.

మొదట్లో మాయాబాలిక ఒంటరిదే. మిత్సుతెరు యొకొయామా బొమ్మల కథ ఆధారంగా తోయెయ్ సంస్థ 1966లో 'సాలీ' అనే చిన్నారి మంత్రగత్తెను టీవీకి తెచ్చింది. 1969లో వచ్చిన 'అక్కో-చాన్' మాయ అద్దం పట్టుకుని కోరిన రూపం ధరించేది. 1973 నాటి 'క్యూటీ హనీ' రూపం మార్చి యుద్ధానికి దిగింది. ఇక జట్టు పద్ధతి వేరే దారిలో వచ్చింది. 1975లో మొదలైన 'గోరెంజర్' అనే సాహస ధారావాహికలో ఐదు రంగుల దుస్తుల్లో ఐదుగురు వీరులు ఉంటారు. వారిలో ఆడపిల్ల ఒక్కతే.

ఈ రెండు పాయలనూ కలిపింది నావోకో తకేఉచి. ఆమె 1991లో 'సైలర్ వి' అనే ఒంటరి వీరనారి కథ మొదలుపెట్టారు. దాన్ని టీవీకి తీసే ఆలోచన రావడంతో ఐదుగురు అమ్మాయిల జట్టును అల్లారు. అదే 'సైలర్ మూన్'. 1992 మార్చి నుంచి 1997 ఫిబ్రవరి దాకా 200 భాగాలు ప్రసారమయ్యాయి.

ఆ ఐదుగురూ ఎవరో తెలుగువారికి చెప్పడం తేలిక: సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర. మన వారాలకు పేర్లిచ్చిన గ్రహాలే జపాన్ వారాలకూ పేర్లిచ్చాయి. వాళ్ళ భాషలో బుధుడు నీటి చుక్క, అంగారకుడు నిప్పు చుక్క, గురుడు చెట్టు చుక్క. అందుకే బుధుడి పిల్ల అమీ ఇంటిపేరు మిజునోలో నీరుంది, అంగారకుడి పిల్ల రేయ్ ఇంటిపేరు హినోలో నిప్పుంది. అమీ పుస్తకాల పురుగు. రేయ్ గుడిలో సేవ చేసే కోపిష్టి. పొడగరి మకోతో ముష్టిఘాతాల్లో ఎంత దిట్టో వంటలో అంత దిట్ట. మినాకో అల్లరి పిల్ల. వీళ్ళకు నాయకురాలు ఉసాగి. పరీక్షల్లో అత్తెసరు మార్కులు, ప్రతిదానికీ ఏడుపు, బడికి రోజూ ఆలస్యం. అయినా తుదిపోరులో నిలబడేది ఆమే. శనివారపు పిల్ల హోతారు 1994లో గానీ రాలేదు. ఆమె మేల్కొంటే లోకం అంతమవుతుందని తోటి వీరనారులే భయపడతారు. శని పేరు వింటేనే తైలాభిషేకానికి పరుగెత్తే మనకు ఆ భయం కొత్త కాదు.

ఈ జట్టులో ఐదుగురూ ఒకేసారి రారు. అమీ 8వ భాగంలో, రేయ్ 10లో, మకోతో 25లో, మినాకో 33లో చేరతారు. ఒక్కొక్కరితో స్నేహం కుదిరాకే ఇంకొకరు వస్తారు కాబట్టి చూసే పిల్లకు తనలాంటిదాన్ని వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. నా దృష్టిలో ఈ శాఖ బలమంతా అక్కడే ఉంది. వేషం మారే దృశ్యమూ అంతే. అమీ చుట్టూ నీరు చుట్టుకుంటుంది, రేయ్ చుట్టూ మంటలు లేస్తాయి. ఒకసారి గీసిన ఆ బొమ్మల్నే భాగం తర్వాత భాగంలో వాడుకోవడం ఖర్చు తగ్గించే ఉపాయమే. పిల్లలకు మాత్రం అది ఎదురుచూసే ఘట్టం.

శక్తుల్ని పంచుకున్న స్త్రీల బృందం మనకూ పాతదే. గుంటూరు జిల్లా చేబ్రోలులో దొరికిన శాతవాహన విజయుని శాసనం (క్రీ.శ. 207) సప్తమాతృకల గుడిని పేర్కొంది. శిల్పాల్లో బ్రాహ్మిని హంసతో, కౌమారిని నెమలితో, ఇంద్రాణిని ఏనుగుతో గుర్తుపడతాం. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతరకు వెళ్ళేవారికి గ్రామదేవతలు అక్కచెల్లెళ్ళన్న మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

2004లో తోయెయ్ 'ప్రిక్యూర్' మొదలుపెట్టింది. మొదట ఇద్దరే, నలుపొకరు, తెలుపొకరు. మంత్రదండం కన్నా పిడికిళ్ళకే పని ఎక్కువ. 2007 నాటికి ఐదుగురి జట్టు వచ్చింది. 2011లో 12 భాగాల 'మదోకా మాజికా' ఈ సంప్రదాయాన్ని తిరగేసింది. అందులో శక్తి పొందడమంటే ఒప్పందం మీద ప్రాణం పణం పెట్టడమే. మూడో భాగంలోనే ఒక ప్రధాన పాత్ర చనిపోతుంది. ప్రిక్యూర్ మాత్రం ఆగలేదు. 2023లో తొలిసారి ఒక అబ్బాయిని కూడా జట్టులో శాశ్వత సభ్యుణ్ణి చేసింది. ఏటా చలికాలం చివర, ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు పాత జట్టు సెలవు తీసుకుంటుంది. మరుసటి ఆదివారం అదే వేళకు కొత్త జట్టు దిగుతుంది.