పన్నుకి లెక్క ఉంది, చావుకి లెక్క లేదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

"ఏజెన్సీవాళ్లు తాగుతారు, అందుకే తొందరగా పోతారు" అని కాలేజీలో చాలామంది అంటారు. ఆ తాగుడు మీద ఎవరు సంపాదించారో మాత్రం అడగరు.

జీలుగు కల్లు, ఇప్పసారా మనకి తాతల నాటివి. పండక్కి, పెళ్లికి, దినాలకి. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ పేరుతో కల్లు హక్కుని కాంట్రాక్టర్లకి ఇచ్చేసింది. సొంతానికి గీసుకున్నా నేరమైంది. రంప మన్సబుదారు చిగురుపన్ను కూడా వసూలు చేశాడు. 1879 మార్చిలో రంప మన్యం తిరగబడింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. మనోళ్లు కొట్లాడింది తాగుడు కోసం కాదు, తమ చెట్టు మీద కాంట్రాక్టరు పెత్తనం ఒప్పుకోలేక.

తర్వాత నల్లమందు. గోదావరి, విశాఖ మన్యాల్లో మలేరియా ఎక్కువ. నల్లమందు తింటే జ్వరం రాదని నమ్మి తినేవాళ్లు. అమ్మింది లైసెన్సు షాపులు, ఆదాయం సర్కారుకి. 1893లో వేసిన రాయల్ కమిషన్ కూడా నిషేధం అక్కర్లేదంది. ఎన్ని సేర్లు అమ్మారో లెక్క రాసుకున్నారు. దానికి అలవాటుపడి ఎంతమంది పోయారో ఎవరు రాశారు?

ఇప్పుడు కల్తీ నాటుసారా. అందులో మిథనాల్ కలిస్తే అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు, కడుపునొప్పి, వాంతులు, చూపు మసకబారడం మొదలవుతాయి. దీనికి వైద్యం ఉంది, కానీ వెంటనే ఆస్పత్రికి చేరాలి. ఊళ్లలో మాత్రం "కడుపునొప్పితో పోయాడు" అని ఊరుకుంటాం.

2022 మార్చిలో ఏజెన్సీకి దగ్గర్లోని జంగారెడ్డిగూడెంలో కొద్ది రోజుల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. నాటుసారా వల్లే అని కుటుంబాలు అన్నాయి, కాదు సహజ మరణాలని ప్రభుత్వం అంది. పోస్టుమార్టం లేకుండా అంత్యక్రియలు అయిపోతే ఏ మాటా రుజువు కాదు. పట్టణంలోనే అలా ఉంటే కొండ మీద ఊళ్ల సంగతి ఆలోచించండి.

లెక్క లేకపోతే "ఇక్కడ సమస్యే లేదు" అంటారు. డాక్టరూ రాడు, మందూ రాదు. అందుకే ఆ లెక్క మనమే మొదలుపెట్టాలి.

1996 పెసా చట్టం ప్రకారం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలి. మనకి నియమాలు 2011లో వచ్చాయి. సెలవులకి ఊరెళ్లినప్పుడు మూడు పనులు చేద్దాం. ప్రతి మరణాన్నీ 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయించాలి. అనుమానం ఉంటే పోస్టుమార్టం అడగాలి. బయటి నుంచి సారా తెచ్చి అమ్మేవాళ్ల మీద గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. పెద్దలు కోప్పడొచ్చు. తాతల కల్లు మీద మన గొడవ కాదని వాళ్లకి నిదానంగా చెప్పండి.

మీ మండలంలో ఇలాంటి చావులు జరిగి ఉంటే పేర్లు పెట్టకుండా కింద రాయండి.

జై ఆదివాసీ.